మల్లమ్మ బావిలో నల్లని గింజలు

1959 చలికాలంలో సహాయ భూగర్భ శాస్త్రవేత్తగా నన్ను వికారాబాద్ క్యాంపుకు వేశారు. రేర్ ఎర్త్స్ అనే అరుదైన మృత్తిక ఖనిజాల జాడ వెతకడం మా పని. పేరుకు అరుదే గాని ఇవి భూమిలో చాలాచోట్ల ఉంటాయి. తవ్వితే గిట్టుబాటయ్యేంతగా ఒకచోట పోగుపడటమే అరుదు. తీరప్రాంతంలో ఇసుకలో దొరుకుతాయి. లోపలి ప్రాంతాల్లో అయితే గ్రానైటును చీల్చుకుని వచ్చిన ముతక రాతి చారల్లో చూడాలి. అందుకే గ్రానైటు లేని తాండూరు నాపరాళ్లను వదిలి దోమ అనే ఊరి వైపు గుట్టలు పట్టుకున్నాం. ఈ ఖనిజాల్లో తరచు థోరియం కలిసి ఉంటుంది కనుక, దాని కిరణాలకు టిక్కుటిక్కుమనే గైగర్ యంత్రం మా వెంట ఉండేది.

అది గట్టిగా మోగింది మల్లమ్మ బావి దగ్గర. ఆమె గొర్రెలు కాసుకునే మనిషి. బావి తవ్వుతుండగా బండ విరిగి మీద పడి భర్త చనిపోతే, మరిదిని తోడు పెట్టుకుని నీళ్లు పడేదాకా తానే తవ్వించిందట. మోకు పట్టుకుని దిగి చూశాను. గోడలో తెల్లటి చార, అందులో నల్లని గింజలు. నమూనాలు కొట్టి సంచిలో వేసుకున్నాను.

పైకి రాగానే ఆమె అడిగింది: "సారూ, గీ బాయి సర్కారు తీస్కుంటదా?"

ప్రయోగశాల ఫలితం రానిదే అవుననీ కాదనీ చెప్పకూడదని మా సీనియర్ జియాలజిస్టు ఆదేశం. ఫలితం బాగుంటే బావి పక్కనే పేలుడు మందు పెట్టి రాతిలో కందకం తవ్వాలి. ఆ తర్వాత బావిలో నీళ్లు నిలుస్తాయన్న నమ్మకం లేదు. ఇంకా తెలియదమ్మా అన్నాను.

"తెల్వదంటే తీస్కునుడే," అందామె.

హైదరాబాదు నుంచి ఫలితం వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మేం వెతికే వాటిలో ఒకటైన అలనైట్ అనే ఖనిజం ఉంది. కానీ చార సన్నం, గింజలు కొద్ది. కందకం అక్కర్లేదన్నారు. చెబుదామని వెళితే గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. బావి ఎలాగూ పోతుందని మందను తోలుకుని దౌల్తాబాద్‌లో అన్న దగ్గరికి వెళ్లిపోయిందని మరిది చెప్పాడు. జీపులో అక్కడికి వెళ్లాను. దారిలో నీళ్లు లేక, అక్కడ మేత చాలక అప్పటికే సగం మంద పోయింది.

బావి జోలికి ఎవరూ రారని ఆమెకు చెప్పాను.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే ఊరిడుస్తుంటినా సారూ?"

అప్పటికి ఎవరికీ తెలియదన్నాను.

"మీకే తెల్వకపాయె. నాకెట్ల తెలుస్తది?"

తొలి వానలకు ఆమె తిరిగి వచ్చింది. మంద మళ్లీ మునుపటంత కాలేదు.

ఆ తర్వాత ఏ చేనులో యంత్రం పెట్టినా, ముందు ఆ చేను మనిషిని కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి: ఈ చప్పుడు దేనికి, రాయి ఎక్కడికి వెళుతుంది, కబురు వచ్చేదాకా మీ నేలను ఎవరూ ముట్టుకోరు అని. సీనియర్ అభ్యంతరం చెప్పలేదు. ఫలితం మన చేతిలో లేకపోవచ్చు. అది వచ్చేదాకా ఏం జరగదో చెప్పడం మాత్రం మన చేతిలోనే ఉంటుంది.