గుర్వమ్మ పలక మీద ఎరుపు

లక్ష్మీనర్సమ్మ పాలమూరు నుంచి మక్తల్ దగ్గరి ఒక పల్లెకు బాలవాడి పంతులమ్మగా వచ్చింది 1959లో. పెళ్లయిన ఏడాదికే భర్త పోయాడు. పిల్లలంటే ప్రాణం, పై అధికారులంటే వణుకు.

ఆ ఏడు తనిఖీకి వస్తున్నారని తెలిసి పిల్లల పలకలకు తెల్లగా సున్నం పూసి, తలా ఒక గొర్రె బొమ్మ గీసిచ్చింది. బొగ్గు పొడి, పసుపు, ఎర్రమట్టి జాజు విడివిడిగా నీళ్లలో కలిపి చిప్పల్లో పెట్టింది. ఆ వైపు గొర్రెలు నల్లవి కనుక అందరినీ నలుపే వేయమంది.

గొర్లు కాసే మల్లప్ప కూతురు గుర్వమ్మకు ఐదేళ్లు. చేరి నాలుగు నెలలైనా బడిలో నోరు విప్పలేదు. ఆ రోజు మాత్రం వంచిన తల ఎత్తకుండా గొర్రె ఒళ్లంతా నలుపు పూసి, ఒక్క వెనక కాలికి చిక్కగా జాజు పెట్టింది. పలక తెచ్చి చూపిస్తూ ఏదో చెప్పబోయింది.

"ఎర్రకాలు గొర్రె ఏడనన్న ఉంటదా?" అంటూ లక్ష్మీనర్సమ్మ ఆ కాలు తుడిచేసింది. పిల్ల చెయ్యి పట్టి తానే నలుపు దిద్దించింది.

మర్నాటి నుంచి గుర్వమ్మ రాలేదు. నాలుగో రోజు ఇంటికి వెళితే, మల్లప్ప మందతో కృష్ణ ఒడ్డుకు వలస పోయే తయారీలో ఉన్నాడు. బిడ్డ పలక ముట్టనంటోందని చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ బొమ్మ సంగతి చెప్పింది. మల్లప్ప బిడ్డ వైపు చూశాడు.

"అది సాదుకున్న గొర్రెపిల్లను తోడేలు పట్టిందమ్మా. ఎనక కాలు చీరింది. దీని ఒళ్లనే పానం ఇడిసింది. అప్పటి సంది ఎవ్వలతోని మాట్లాడది."

లక్ష్మీనర్సమ్మ ఎంత పిలిచినా గుర్వమ్మ తల్లి కొంగు వదల్లేదు. తెల్లారి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆమె ఏ పిల్లకూ ఏ రంగు వేయాలో చెప్పలేదు. పక్కన కూర్చుని "ఇదేంది బిడ్డా?" అని అడిగేది. అడిగితే చాలు, మాట రాదనుకున్న పిల్లలు కథలు చెప్పేవాళ్లు. రంగులు దిద్దిన వేళ్లకు అక్షరాలు తొందరగా పట్టుబడేవి. తనిఖీ వాళ్లు మెచ్చుకున్నా, గుర్వమ్మ పలక గుర్తొచ్చి ఆమెకు సంతోషం కలిగేది కాదు.

తొమ్మిదేళ్లకు మక్తల్ సంతలో గుర్వమ్మ ఎదురైంది, మెడలో పుస్తెలతో. లక్ష్మీనర్సమ్మ ఆ రోజు జరిగిందంతా చెప్పి, తప్పు చేశానంది.

"నాకేం యాదికి లేదు పంతులమ్మా. నేను బడి మొకమే సూడలేదు గద," అంది గుర్వమ్మ మామూలుగా.

నాలుగు నెలలు వచ్చావని చెప్పబోయి లక్ష్మీనర్సమ్మ ఊరుకుంది.