చింత లేని పచ్చిపులుసు

మొన్న రక్తపోటు చూపించుకోవడానికి వెళితే, మా నాందేడ్ డాక్టరు చేతి పట్టీ విప్పుతూ "చింతా నకో" అన్నాడు. దిగులు పడొద్దని మరాఠీలో ఆయన ఓదార్పు. నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆయన పట్టీ మళ్ళీ చుట్టి ఇంకోసారి చూశాడు. ఆయన తప్పేం లేదు. ఒకప్పుడు ఆ రెండు మాటల వల్లే మా చిన్నమ్మకు పొయ్యి దక్కకుండా పోబోయింది.

చిన్నమ్మ కరీంనగర్ వైపు పల్లె నుంచి మా రైల్వే క్వార్టర్‌కు కొత్త కోడలిగా వచ్చింది. మరాఠీ ముక్క రాదు. నెలలు గడిచినా నానమ్మ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఉల్లిగడ్డలు తరగాలి, నువ్వులు దంచాలి, అంతే. వంట మాత్రం నానమ్మదే. ఆమె పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చిందంటే స్టేషన్లో ఆగిన రైలు కూత వేయబోయి తుమ్మేది. నమ్మకపోతే మానండి, ఆ తుమ్ము నేను విన్నాను.

ఒక ఎండాకాలం, నానమ్మ వాళ్ళ అన్న, అంటే మా పెద్దతాత, ధర్మాబాద్ నుంచి భోజనానికి వస్తానన్న రోజే నానమ్మకు జ్వరం తగిలింది. ఆయనకు ముద్దపప్పు, పచ్చిపులుసు ఉంటే చాలు. అవి కుదరకపోతే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోతాడు. నానమ్మ మంచం మీది నుంచే తీర్పు చెప్పింది: "ఇయ్యాల నువ్వే చెయ్యి. మా అన్న కడుపునిండ తింటే పొయ్యి నీది. లేచిపోయిండనుకో, మల్ల దాని దిక్కు చూడకు."

చిన్నమ్మ కొంగు బిగించింది. చింతపండు చేతిలోకి తీసుకుందో లేదో, పక్కింట్లో మేం మావుషి అని పిలిచే మరాఠీ పెద్దావిడ కిటికీలోంచి తొంగిచూసింది. ఎంత నానబెట్టాలో తేల్చుకోలేక చూస్తున్న ఆమెకు ధైర్యం చెప్పింది: "చింతా నకో పోరీ, చింతా నకో!"

మా వాళ్ళు దిగులును రంది అంటారు. చిన్నమ్మకు తెలిసిన చింత, చెట్టుకు కాసేదే. నకో అంటే వద్దని మాత్రం తెలుసు. పెద్దావిడ, అందులోనూ ఊరి మనిషి, రెండుసార్లు వద్దంది. ఎండాకాలం ఇక్కడ చింతపండు వేయరు కాబోలనుకుని దాన్ని తిరిగి డబ్బాలో పెట్టేసింది.

మరి పులుపో? ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. చిన్నమ్మ ఇల్లంతా కలియజూసి, నానమ్మ తొక్కు పెట్టడానికి దాచిన మామిడికాయల గంపలో చెయ్యి పెట్టింది. కాయను తొక్క నల్లబడేదాకా నిప్పుల్లో కాల్చి, ఒలిచి, గుజ్జును కుండనీళ్ళలో పిసికింది. కాల్చిన మిరపకాయలు ఉప్పుతో నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, నువ్వుల పొడి, కాస్త బెల్లం కలిపి, జీలకర్ర పోపు పెట్టింది.

పెద్దతాత మొదటి ముద్దకే ఆగాడు. "ఏందే ఇది?"

"పచ్చిపులుసు, పెద్దనాయనా."

"చింతపండేది?"

"ఎండకాలం ఈడ ఎయ్యరంట. మావుషి చెప్పింది."

నానమ్మ జ్వరం మరిచిపోయి లేచి కూర్చుంది. "ఇన్నేండ్ల సంది నేనేస్తలేనా? అయ్యో, నా తొక్కు కాయలు! తియ్యవే ఆ గిన్నె!"

చిన్నమ్మ గిన్నెకు అడ్డంగా నిలబడింది. "తియ్యనత్తమ్మా. తిన్నంక చెప్పుండ్రి."

పెద్దతాత ఇంకో ముద్ద తిన్నాడు. మరొకటి. తల ఎత్తకుండానే కంచం ముందుకు జరిపి "పొయ్యి బిడ్డా, పొయ్యి" అన్నాడు. పులుసు పొయ్యమని ఆయన అడగడం. చిన్నమ్మ మాత్రం గరిటె పట్టుకుని నానమ్మ వైపు తిరిగింది.

"ఇన్నరా అత్తమ్మా? పొయ్యంటున్నడు."

మంచం మీద నానమ్మకు వచ్చిన నవ్వుకు ఆ పూటే జ్వరం దిగిపోయింది. "నీదేలే. రేపటి సంది చింతపండెయ్యి."

"ఎండకాలం ఎయ్య" అంది చిన్నమ్మ.

వేయలేదు కూడా. తన చివరి ఎండాకాలాల్లో నానమ్మే ఆ పులుసు అడిగి పోయించుకునేది. ఇప్పుడు మా పిల్లలు అది మన ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్న వంటని అందరికీ చెప్పుకుంటారు. నేను సరిదిద్దను. ఒక పొరపాటును నాలుగు నాలుకలు ఇష్టపడితే, కాలమే దానికి సంప్రదాయమని పేరు పెడుతుంది.