పూలమడిలో గంగవాయిలి కూర

ఆ రోజుల్లో నాకు రాని పని ఈ భూమ్మీద లేదు. ఎవరేం అడిగినా "వస్తది" అనేవాణ్ని. ఒమాన్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు "తోటపని వస్తదా?" అన్నప్పుడూ అదే అన్నాను. (మా పెరడు చూసుకునేది నా భార్య. నా వంతు జామకాయలు తినడం వరకే.) అలా అక్కడ అజైబా అనే పేటలో ఒక విల్లాకు తోటమాలినయ్యాను. ఆ ఇంటి పెద్దావిడను అందరం మామా అనేవాళ్లం. (మన మామ కాదు, అక్కడ అమ్మను అలా పిలుస్తారు.)

నెల తిరక్కుండానే హోటల్ పరోటాలకు నాలుక మొద్దుబారింది. ఒక పొద్దున గేటు పక్క మడిలో కలుపు తీస్తుంటే ఎర్రటి కాడలు, దళసరి ఆకులు కనబడ్డాయి. అచ్చం మా గంగవాయిలి కూర! కళ్లలో నీళ్లు తిరిగాయి. మడి మొత్తం మొదళ్లకు కోసి, సగం పప్పులో వేసి, వెల్లుల్లి పోపు పెట్టుకుని వేళ్లు నాక్కుంటూ తిన్నాను. మిగతాది రేపటికని తడిగుడ్డలో చుట్టాను.

సాయంత్రం మామా మడి దగ్గర నిలబడి, తనకొచ్చిన హిందీలో "ఫూల్ కిదర్?" అంది. పువ్వులా! అవి మొగ్గ తొడగబోతున్న పూలమొక్కలట, ముచ్చటపడి నాటించుకుందట. నోటికి అబద్ధం అందలేదు. "మామా... దాల్ మే," అన్నాను. ఆమె మడిని చూసింది, నా పొట్టను చూసింది. "కల్ బేటా ఆయేగా," అంది. రేపు రాబోయే ఆ కొడుకే నాకు వీసా ఇచ్చిన యజమాని.

ఇంటికి వీడియో కాల్ చేసి సంగతి చెప్పాను. నా భార్య కడుపు పట్టుకుని నవ్వింది. "పూలచెట్టుకు, కూరకు ఫరక్ తెల్వదానయ్యా? మిగిలిన కాడలున్నయా? కింది ఆకులు దుంచి, వేలంత లోతు గుచ్చు. మొండియి, బతుకుతయి." ఫోను కుండీకి ఆనించి, ఆమె చెబుతుంటే గుచ్చాను. మామా కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. వాళ్లిద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. నన్ను చూసి నవ్వడానికి అవసరమూ పడలేదు.

మర్నాడు వాలిన కాడల్ని చూసి కొడుకు కనుబొమ్మలెత్తాడు. మామా అరబీలో ఏదో చెప్పి నన్ను కాపాడింది. కొన్ని వారాలకు మడి నిండా పసుపు, ఎరుపు పూలు.

ఇప్పుడు పది తోటలు చూస్తున్నాను. ఏ మొక్కను చూసినా పేరు, ఎరువు, చీడ గుర్తొస్తాయి. పచ్చగా కనబడ్డదల్లా తన ఊరే అనుకుని సంబరపడిన ఆ తెలివితక్కువ తోటమాలి మాత్రం, ఎంత వెతికినా, నాలో ఇక కనబడడు.