ఐసు బరువు

మాది ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువు. పోయినేడు మావారు పాత పికప్ బండి కొని, కొత్త టైర్లు వేయించారు. షాపాయన "ఎంత లోడేస్తావన్నా?" అని అడిగితే "అర టన్ను రొయ్యలు" అన్నారు. ఆయన ఆ బరువుకు సరిపోయే టైర్లే బిగించాడు.

తొలిసారి రొయ్యలు పట్టి, పాడవకుండా ఐసేసి బండికెత్తిన రోజు నేనూ ముందు సీట్లో ఎక్కాను. నెల్లూరు రోడ్డెక్కగానే వెనక టైరు ఢామ్మని పేలి, బండి కాలవ గట్టు మీదికి ఒరిగింది. "ప్రభువా!" అని కేక పెట్టాను. దిగి ఆయన్ని నిలదీశాను.

"షాపులో ఐసు సంగతి చెప్పినారా?"

"కరిగిపోయేదానికి బరువేందే?"

"ఈ జన్మలో మీ బండెక్కను!"

పక్క చెరువుల వాళ్లొచ్చి సరుకంతా తమ బండిలోకి మార్చారు కాబట్టి రొయ్యలు దక్కాయి.

మర్నాడు ఆయన స్టెప్నీ వేసుకుని బండిలో, మళ్లీ ఐసు మర్చిపోతారని నేను షేర్ ఆటోలో, టైర్ల షాపుకి వెళ్లాం.

"ఈసారెంత లోడన్నా?"

"రొయ్యలు అర టన్ను, ఐసు ఇంకో అర టన్ను, ట్రేలు..." అని ఆగారు. నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి, "మా ఆవిడ కూడా వస్తాది" అన్నారు.

ఆయనకు అంతకన్నా బాగా సారీ చెప్పడం రాదు. ఇంటికి ముందు సీట్లోనే వచ్చాను.