మేకుకు వేలాడిన బిళ్ల

కేన్సరుకు కిరణాల మందు తయారుచేసే కంపెనీని ఒక్క చొక్కా జేబుతో మూడు వారాలు ఆపినవాణ్ణి నేను. మా ఊరు తమకలో, మా వీధి టీకొట్టు దగ్గర ఈ మాట చెబితే కొత్తవాళ్లు టీ చల్లారబెట్టుకుంటారు. పాతవాళ్లు మాత్రం బిస్కెట్టు ముంచుకుంటూ, "ఇంగ చెప్పప్పా, పోయినసారి రెండు వారాలే కదా?" అంటారు.

ఆ కంపెనీ మా ఊరికి దగ్గర్లోని వేమగల్‌లో ఉంది. మా అమ్మాయి అందులో పనిచేస్తుంది. వాళ్ల మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది. నా ప్రోస్టేటు కేన్సరుకు బెంగళూరు ఆసుపత్రిలో ఎక్కించింది వేరేవాళ్లది, జాతి మాత్రం అదే. "నా కూతురు చేసిన మందే నా నరంలోకి ఎక్కింది" అని వీధంతా చెప్పాను. అది అబద్ధం.

ఆ మందంటే నాకు భయం కన్నా కుతూహలమే ఎక్కువ. అన్నం తింటున్నా కూతుర్ని వదిలేవాణ్ణి కాదు.

"కేన్సరు యాడుందో దానికెట్ల తెలుస్తాది?"

"ఆ కణాల మీద ఒక గుర్తు జాస్తిగా ఉంటాది నాయనా. మందులో ఒక ముక్క పోయి ఆ గుర్తును పట్టుకుంటాది. దానికి తగిలించిన ఇంకో ముక్క ఆడే కూర్చోని కిరణాలు కొడతాది."

"అంటే కొండంతా పేల్చకుండా, బంగారు తీగ ఎంబడే తూటాలు పెట్టినట్ల."

"మీ గనిలో కన్నా జాగ్రత్తగా."

"మిగిలిపోతే దాచుకుంటారా?"

"దాచేకి కాదు. చేసిన గంట నుంచే దాని బలం తరిగిపోతా ఉంటాది. అన్నం తిను, అదీ చల్లారిపోతా ఉండాది."

నేను బంగారు గనిలో పాతాళం దాకా దిగి పనిచేశానని మీరు విని ఉండవచ్చు. నేనే చెప్పి ఉంటాను. దిగింది రెండుసార్లు, రెండోసారి కళ్లు మూసుకున్నాను. నా ఉద్యోగం పైనే, గని నోటి దగ్గర బిళ్లల గదిలో. దిగే ప్రతివాడూ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల నాకిచ్చి వెళ్లేవాడు. నేను మేకుకు తగిలించేవాణ్ణి. పైకొచ్చినవాడు తన బిళ్ల తీసుకుని ఇంటికి పోయేవాడు. షిఫ్టు ముగిశాక మేకుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అలాంటి సాయంత్రాలు కొన్ని చూశాను. వాటి గురించి మాత్రం నేనెప్పుడూ పెంచి చెప్పలేదు.

మందు ఎక్కించిన రోజు అమ్మాయి షిఫ్టు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి నన్ను ఇంటికి తెచ్చింది. నా ఒంట్లో నుంచి కొన్నాళ్లు కిరణాలు వస్తాయి కాబట్టి వేరే గది, వేరే మంచం, దగ్గరికి ఎవరూ రాకూడదు. ఇల్లు చేరాక చూసుకుంది, చొక్కాకు బ్యాడ్జి అలాగే ఉంది. మనిషికి ఎంత కిరణం తగిలిందో లెక్కపట్టే బ్యాడ్జి అది.

"అయ్యో, దీన్ని ఆడే పెట్టి రావల్ల కదా," అంటూ నా గదికి దూరంగా, వంటింటి గోడ మేకుకు తగిలించింది. నా కోసం మూడు రోజులు సెలవు పెట్టుకుంది.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు నీళ్లకని వచ్చాను. మేకుకు అమ్మాయి బ్యాడ్జి, నంబరున్న బిళ్ల. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నా చెయ్యి నన్నడగలేదు. తీసి జేబులో వేసుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆమె బ్యాడ్జి కోసం ఇల్లంతా వెతికింది. "మంచం కింద పడిండాది చూడమ్మా," అని స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగాను.

కొన్ని వారాలకు ఆ బ్యాడ్జి లెక్క వచ్చింది. ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. కారణం తేలేదాకా మందు చేసే గదిలోకి అడుగు పెట్టొద్దన్నారు. ఆ గదిలోకి పోవడానికి మా అమ్మాయి ఏళ్ల తరబడి పరీక్షలు రాసింది. ఆ నెలలోనే మొదటిసారి ఒక బ్యాచ్ మొత్తం తన చేతుల మీదుగా చేయాల్సి ఉంది.

కిరణాల భద్రత చూసే అధికారి ఫోను చేశాడు. బ్యాడ్జి నా మంచం కింద దొరికిందని చెప్పి అమ్మాయి స్పీకరు పెట్టింది.

"బ్యాడ్జి మీ దగ్గర ఎంతసేపు ఉండె సార్?"

"మంచం కింద నుంచి తీసిచ్చినాను. అయిదు నిమిషాలు."

అవతల కాగితం మీద పెన్ను గీకిన చప్పుడు. "అయిదు నిమిషాలకు ఇంత రాదు సార్. అట్లైతే మా గదిలోనే ఏదో తప్పు జరిగుండాల. మేడమ్ చేతిలోనే."

అమ్మాయి నావైపు చూసింది. జీవితమంతా ప్రతిదాన్నీ పెంచి చెప్పినవాణ్ణి, ఆ ఒక్కదాన్నే కుదించాను.

"జేబులో పెట్టుకున్నాను," అన్నాను. "మూడు పగళ్లు. పడుకునేటప్పుడు దిండు కింద."

"ఎందుకు సార్?"

మేకుల సంగతి చెప్పాను. అధికారి ఏ జేబు, కుడిదా ఎడమదా, దిండు మందమెంత అని అడిగి రాసుకున్నాడు. ఆ ప్రశ్నలు నాకు నచ్చాయి. దిండు మందం నేనే స్కేలుతో కొలిచి చెప్పాను, వెంట్రుకవాసి కూడా పెంచకుండా.

లెక్క సరిపోయింది. అమ్మాయిని మళ్లీ గదిలోకి పంపారు. కథ సుఖాంతం.

ఇదంతా రాసి ఆమెకు చూపించాను. నిలబడే చదివింది. చివరిదాకా చదివి మళ్లీ మొదటి వాక్యానికి వచ్చింది.

"కంపెనీ ఆగిందా? ఒక్క గంట కూడా ఆగలేదు నాయనా. ఆగింది నేనొక్కదాన్నే, అదీ తొమ్మిది రోజులు. ఆ మొదటి బ్యాచ్ ఇంకొకరు చేసినారు. సుఖాంతం కొట్టేసి అది రాయి."