నొక్కినా లేచే చుక్కలు

నీటికాసుల జబ్బుతో చూపు పోయినా, ఏడుకొండలు వేళ్ళలో నలభై ఏళ్ళ మగ్గం మిగిలే ఉంది. పడుగు దారాల్లో ఎక్కడ చిన్న ముడి తగిలినా అదిమి సాపు చేయడం ఆ వేళ్ళు తలవకుండానే చేసే పని. కూతురు శ్రీదుర్గ ఆయన్ని భవానీపురంలో బ్రెయిలీ నేర్పే జ్ఞానేశ్వరి దగ్గర చేర్చాక ఆ అలవాటే అడ్డుపడింది. కాగితం మీద అక్షరంగా ఉబ్బిన చుక్క తగిలితే చాలు, చదివేలోపే వేలు దాన్ని అణిచేసేది. "బాబాయిగారూ, మీరు చదివిన పేజీ ఇస్త్రీ చేసినట్టుంటుందండీ," అని తానూ చూపులేని ఆ టీచరు నవ్వేది. ఆయనకు నవ్వు రాలేదు. ఎవరి తీరిక కోసమూ ఎదురుచూడకుండా పేపరు తానే చదువుకోవాలన్న ఆశ మూడు నెలలకు సన్నగిల్లింది. "ఇక రానమ్మా, కాగితాలు దండగ," అన్నాడు.

జ్ఞానేశ్వరి ఒక చిన్న యంత్రాన్ని ఆయన చేతికిందికి జరిపింది. అందులో ఎక్కించిన పేపరు వార్తలకు సన్నని మొనలు బ్రెయిలీ అక్షరాలై లేస్తాయి. మీట నొక్కితే మరో వరుస వస్తుంది. వేలు యథాప్రకారం అదిమింది. మొనలు అణిగి, వేలు తీయగానే మళ్ళీ లేచాయి. తప్పును విసుగులేకుండా సహించే గుణం గురువుల్లోనే అరుదు; ఒక వస్తువులో దొరకడం భాగ్యమే. పది రోజులకు ఆ వేలు మెత్తబడింది. "రేపు... కాలువలకు... నీళ్ళు వదులుతారు," అని కూడబలుక్కుని చదివి, ఏడుకొండలు టీచరు చేతులు వెతికి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"రా నాన్నా, బస్సొచ్చే టైమైంది," అంది గుమ్మంలోంచి శ్రీదుర్గ.

"పోతే పోనీవే. వార్త చదువుతా, విను."

ఆమె చెప్పులు విడిచి పక్కన కూర్చుంది.