వెయ్యికి ఏడు వందల తొంభై

నేను ఫెయిలైన పరీక్షకి ఎనభై మంది పులావు తిన్నారు. కొందరైతే మారు వడ్డించుకున్నారు కూడా. ఇంతటి ఘనత మా ఆమదాలవలసలో ఇంకెవరికీ దక్కలేదని నా నమ్మకం. ఉంటే వచ్చి చెప్పమనండి, నా కిరీటం తీసి వాళ్ళకే పెట్టేస్తాను.

అవి రెండు వేల పద్నాలుగు నాటి సంగతులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. పేరు విని గొప్పగా ఊహించుకోకండి. ఫోన్ ఎత్తడం, "ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చేయండి సార్" అనడం, పెట్టేయడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే జపం. ఆ కుర్చీలోంచి లేచి నెట్‌వర్క్ టీములోకి వెళ్ళాలంటే సర్టిఫికేషన్ పరీక్ష ఒకటి పాసవ్వాలని మా మేనేజరు మెలిక పెట్టాడు. వెయ్యికి ఎనిమిది వందల ఇరవై ఐదు వస్తే పాసు. ఒక్కటి తగ్గినా ఫెయిలు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలియని ముక్క ఇదొక్కటే.

మూడు నెలలు చదివాను. రైల్లో చదివాను, బస్టాపులో చదివాను, అమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే కంచం పక్కన పుస్తకం పెట్టుకుని చదివాను. విశాఖలో పరీక్ష రాసి ఆఖరి బటన్ నొక్కగానే తెర మీద పడింది, ఏడు వందల తొంభై, ఫెయిల్ అని. అక్కడి అమ్మాయి దాన్ని తెల్ల కాగితం మీద ప్రింటు తీసి, కింద గుండ్రటి ముద్ర గుద్ది నా చేతిలో పెట్టింది. ఫెయిలైనవాళ్ళకి ముద్ర దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నా కొంప ముంచింది ఆ ముద్రే.

రైలు దిగేసరికి నాన్న స్టేషను బయట మోపెడ్ దగ్గర నిలబడి ఉన్నాడు. మా నాన్న దావీదు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. రైస్ మిల్లులో కాటా దగ్గర పని. ముప్పై ఏళ్ళుగా ధాన్యం బస్తాలు తూస్తున్నాడు. అటు రైతుకీ ఇటు మిల్లుకీ గింజ తేడా రానివ్వడని పేరు. మా బాప్టిస్టు సంఘంలో ఆయన్ని పెద్దగా నిలబెట్టింది కూడా ఆ పేరే. "దావీదు సెప్పినాడంటే కాటా సెప్పినట్టే" అంటారు. చదువు అయిదో తరగతి. తెలుగు బైబిలు గడగడా చదువుతాడు. ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం రోడ్డుకి అవతలి వైపు నుంచి కూడా చదివేస్తాడు.

కాగితం దాచేలోపే చెయ్యి చాచాడు.

"ఏడొందల తొంబై. ఎంతకి?"

"వెయ్యికి."

"ముద్ర కూడా ఏసినారేటి?"

"ఏసినారు నాన్నా."

"అంటే నూటికి డెబ్బైతొమ్మిది. ఫస్టు క్లాసు దాటీసి డిస్టింక్షను కాదేటమ్మా?"

"లెక్క ప్రకారమైతే అంతే."

చూశారు కదా, నేను ఆడిన ప్రతి మాటా నిజమే. వెతికినా ఒక్క అబద్ధం దొరకదు. అచ్చమైన నిజాలు నాలుగు పేర్చి అంత పెద్ద అబద్ధం కట్టిన మేస్త్రిని నేనే. అసలు మాట అప్పుడే చెప్పేదాన్ని, నిజంగా నోరు తెరిచాను కూడా. ఈలోగా నాన్న బండి స్టార్టు చేస్తూ అన్నాడు, "పొద్దున్నించీ నీ కోసరం ఉపాసం ఉన్నాను. మీ యమ్మ తిట్టింది గాని. పదమ్మా, ఇంటికెల్లి అన్నం తిందాం." ఉపవాసం ఉన్న మనిషికి ఖాళీ కడుపు మీద ఆ కబురు ఎలా వడ్డిస్తాను? తిన్నాక చెబుదాంలే అనుకున్నాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా నిజం పెదవి దాటకముందే నాన్న సంతోషం ఊరు దాటేసింది. దారిలో మిల్లు దగ్గర ఆగాడు. టీ కొట్టు దగ్గర ఆగాడు. ఆఖరికి మా పాస్టరుగారి ఇంటి ముందు కూడా ఆగాడు. ఆయన్ని మేం అయ్యగారు అంటాం.

"అయ్యగారూ, మా గుంట డిస్టింక్షనులో పాసైపోనాది."

"దేవునికి స్తోత్రం. మరి కృతజ్ఞతా కూడిక పెట్టుకోవాలి కదా దావీదూ?"

"పెట్టుకోపోతే ఎలగ అయ్యగారూ. రెండో శనివారం నాలుగ్గంటలకి పెట్టీసుకుందాం."

మా సంఘాల్లో ఉద్యోగం వచ్చినా, ఇల్లు కట్టినా, ఆపరేషనై మనిషి బతికి బయటపడినా ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, ఆ మేలు పొందినవాళ్ళు అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పడం, ఆ తర్వాత భోజనాలు. కూడిక అనగానే ఆ సాక్ష్యం గుర్తొచ్చి నాకు మోపెడ్ మీద కూర్చున్నచోటే చెమటలు పట్టాయి.

విశాఖ వెళ్ళాక రోజూ ఫోన్ చేశాను.

"నాన్నా, ఆ కూడిక గురించి ఒక మాట..."

"సామియానా సెప్పీసినానమ్మా."

మర్నాడు, "నాన్నా, అసలు సంగతి ఏటంటే..."

"కోళ్ళు సెప్పీసినాను. నీకు లెగ్గుపీసులు దాయమన్నాను మీ యమ్మతోటి."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో పాసూ లేదు పట్టా లేదు, షామియానా మాత్రం వచ్చేసింది.

అప్పుడు నా బుర్రకి మహత్తరమైన ఆలోచన తట్టింది. ఫెయిలైనవాళ్ళు కొన్ని రోజులు ఆగితేగాని మళ్ళీ రాయనివ్వరు. ఆ గడువు సరిగ్గా కూడిక ముందు రోజుతో తీరిపోతుంది. శనివారం పొద్దున్నే పరీక్ష రాసేసి, పాసైపోయి, రైలెక్కి నాలుగింటికి ఇంట్లో ఉంటే సరి. మేం అబద్ధం చెప్పలేదు, నిజాన్నే కాస్త ముందుగా చెప్పాం అని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. ఇంట్లో మాత్రం "శనివారం పొద్దున ఆఫీసు పనుంది, అది చూసుకుని వచ్చేస్తాను" అన్నాను. ఇది మాత్రం అచ్చమైన అబద్ధమే, ఒప్పుకుంటున్నాను.

శనివారం పరీక్ష రాశాను. ఎనిమిది వందల పదకొండు. ఫెయిల్. మళ్ళీ ముద్ర.

రైల్లో రెండు గంటలూ కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంటి సందు మొదట్లోకి వచ్చేసరికే పాట వినిపించింది. షామియానా కింద సంఘమంతా ఉంది. ముందు వరుసలో నాన్న, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో. కాళ్ళు కడుక్కునేలోపే అయ్యగారు, "ఇప్పుడు మన ఎస్తేరమ్మ సాక్ష్యం చెబుతుంది" అన్నారు.

వెళ్ళి అందరి ముందూ నిలబడ్డాను. రెండు ముక్కలు స్తోత్రాలు చెప్పి కూర్చోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ నా తర్వాత ఇంటి పెద్దగా నాన్న లేచి "అవును, నిజమే" అంటాడు. కాటా దగ్గర ముప్పై ఏళ్ళు ఆడని అబద్ధం, తనకి తెలియకుండా, నా కోసం, అంతమంది ముందు ఆడతాడు. రేపో మాపో అది బయటపడితే ఇక దావీదు మాట ఎవరు నమ్ముతారు?

"నేను పాసవ్వలేదు," అన్నాను.

వెనక వరుసలో మార్తమ్మ మామ్మకి కాస్త చెవుడు. పక్కావిడని గట్టిగా అడిగింది, "ఏటంతంది గుంట?"

"పాసవ్వలేదంతంది మామ్మా."

"మరి పులావో?"

నాన్న నెమ్మదిగా లేచాడు. కోపం లేదు, కొయ్యబారిపోయి ఉన్నాడు.

"ఏడొందల తొంబై నిజవేనా?"

"నిజమే నాన్నా."

"పాసుకి ఎంత కావాల?"

"ఎనిమిదొందల ఇరవై అయిదు."

"ముప్పై అయిదు తరుగు," అన్నాడు, బస్తాలో బరువు తగ్గితే అనే మాటే. "మరి ఈ పొద్దు ఆపీసు పనని ఎల్లినావు?"

"మళ్ళీ రాయడానికెళ్ళాను."

"ఎంతొచ్చినాది?"

"ఎనిమిదొందల పదకొండు."

నాన్న వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత అయ్యగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, డిస్టింక్షనని నాను సెప్పింది తప్పు. తెలీక సెప్పినాను, అందరూ సెమించండి. గాని రెండు వారాల్లో ముప్పై అయిదు తరుగు పద్నాలుక్కి దిగినాది. ఇది కృతజ్ఞత కాదేటి?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కృతజ్ఞతే దావీదూ," అన్నారు.

"ఏ కూడికైనా గాని, తినీసే ఎల్లండి," అని వంట దగ్గర నుంచి అమ్మ కేకేసింది. "పులావు దింపీసినాను."

అందరికంటే ముందు మార్తమ్మ మామ్మే కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. "పెబువా, పద్నాలుగే తక్కువంట. నీకదో లెక్కా. సూసుకో నాయినా." ఎనభై మందీ ఆమేన్ అన్నారు, నేను అందరికంటే గట్టిగా అన్నాను.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతుంటే నాన్న పక్కన వచ్చి కూర్చున్నాడు. "ఆ పొద్దు టేసను కాడ సెప్పీసుంటే ఇద్దరం కలిసి ఏడిసీసి అన్నం తినీవోలం. రెండు వారాలు నువ్వొక్కదానివే మోసినావేటమ్మా," అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకి మాత్రం చేతిలో గిన్నె జారిపోయింది.

మరుసటి నెలలో మూడోసారి రాశాను. ఎనిమిది వందల యాభై ఎనిమిది. పాస్. ఆమదాలవలసలో రైలు దిగుతూనే కాగితం నాన్న చేతిలో పెట్టాను. నాన్న అంకె వైపు చూడనే లేదు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ ఒకటి తీశాడు. దాని మీద అయ్యగారి చేతిరాతతో నాలుగు పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. చీటీని నా కాగితం పక్కన ఆనించి, వేలు పెట్టి ఒక్కో అక్షరం సరిచూడటం మొదలుపెట్టాడు.

"ఆకర్ని ఒకేలాటివి రెండుండాలన్నారు అయ్యగారు. ఉన్నాయి," అని మళ్ళీ మొదటికి వచ్చాడు.

"పాసే నాన్నా," అన్నాను, ఏడుస్తూ నవ్వుతూ.

"నువ్వుండమ్మా. నిన్నడగలేదు," అన్నాడు, చీటీ మీద నుంచి కళ్ళు తీయకుండా.

ఆ తర్వాత మరో నాలుగు సర్టిఫికేషన్లు సంపాదించాను. హెల్ప్‌డెస్క్ కుర్చీ వదిలి చాలా కాలమైంది. అయినా చదువరులారా, మీ అందరి ఎదుటా లేచి నిలబడి, మా సంఘంలో ఒట్లు పెట్టుకోకూడదు కాబట్టి ఒట్టు వేయకుండా, గంభీరంగా మాటిస్తున్నాను. బతికున్నంత కాలం ఏ పరీక్ష రాసినా, ఎంత వచ్చిందో చెప్పకముందే ఏమైందో చెబుతాను. అడిగినదానికి మాత్రమే నిజం చెప్పే విద్య ఇక నాకొద్దు. నా మాట మీరు నమ్మినా నమ్మకపోయినా పరవాలేదు. నాన్నైతే ఆ చీటీ ఇంకా పారేయలేదు.